సముద్రము పాలగు నీరు

హైదరాబాదు పాతబస్తీ యంచున పురానాపూలుపై నిలిచి చూచువారికి, క్రింద పారు మూసీనదికి సముద్రముతో సంబంధము కలదని తోచదు. 1578లో కుతుబ్‌షాహీ ప్రభువులు కట్టించిన ఆ వంతెనకు కడలి ఎంతో దూరమున నున్నది. అయినను అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, నగరము మధ్యగా పారి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. కృష్ణ విజయవాడ దాటి, పాయలుగా చీలి, దివిసీమ యంచున బంగాళాఖాతమును చేరును. పాతబస్తీలో కురిసిన వానచినుకునకు కడపటి మజిలీ అదియే.

నది కడలిని కలియు తావును తీరపు బెస్తలు 'మొగ' యందురు. అచటి నీరు మంచినీరును కాదు, సముద్రపు నీరును కాదు. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. కావున నదీజలము పైపొరగా సాగుచుండగా, ఉప్పునీరు అడుగున మేకు దిగినట్లు లోనికి చొచ్చుకొని వచ్చును. ఆటుపోట్లు ఈ రెంటిని కలుపుచుండును. వరదకాలమున ఉప్పునీరు వెనుకకు పోవును. వేసవిలో ఏరు సన్నగిల్లగా నదిలోనికి ఎంతో దూరము ప్రాకును.

వరద తెచ్చునది నీరు మాత్రమే కాదు. ఒండ్రుమట్టియు, కుళ్ళిన ఆకులును, మొక్కలకు బలమిచ్చు లవణములును దానితో వచ్చును. వానివలన కంటికి కానరాని నాచు పెరుగును. నాచును సూక్ష్మప్రాణులు, ఆ ప్రాణులను రొయ్యపిల్లలు తినును. రొయ్య గ్రుడ్లు పెట్టునది సముద్రముననే గాని, పిల్లలు పోటుతో మొగలోనికి వచ్చి, మడచెట్ల వేళ్ళ నడుమ పెరిగి, బలిసిన పిదప మరల కడలికి పోవును. గోదావరి పులస నడక దీనికి విపరీతము. అది కడలిలో పెరిగి, ఎఱ్ఱనీరు రాగానే గ్రుడ్లు పెట్టుటకై నదిలోనికి ఎదురీదును. సముద్రములో నున్నంతవరకు దానిని విలస యందురు. ఏటినీట ఈదిన పిమ్మటనే పులస యగును. ధరయు అప్పుడే పెరుగును!

మడచెట్టు బురదలో నిలిచి, గాలికొరకు వేళ్ళను పైకి పొడుచుకొని వచ్చునట్లు పెంచును. ఎక్కువైన ఉప్పును ఆకులగుండ వెలిబుచ్చును. ఇంత నేర్పుగల చెట్టునకును కొంత మంచినీరు వలయును. అది చాలనిచోట గిడసబారిపోవును. కృష్ణా మొగలయందును, కాకినాడ చేరువనున్న కోరింగయందును ఈ యడవులు కలవు. బావురుపిల్లి వానిలో చేపలు పట్టి బ్రతుకును.

ఇక తుపాను. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెన సుమారు 5 మీటర్ల యెత్తు లేచినది. వేలకొలది జనులు మరణించిరి, పొలములు ఉప్పుపాలైనవి. ఉప్పెన మడచెట్లను విరుచును, ఇసుకతిప్పలను కోసి క్రొత్త దారులు తీయును. అయినను దట్టమైన మడయడవి అలల ఉద్ధృతిని తగ్గించి వెనుకనున్న పల్లెలను కొంత కాచును.

తుపాను తీరముతో ఆగదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. 2020 అక్టోబరు 13న కాకినాడ చెంత తీరము దాటిన వాయుగుండము నాటి రాత్రికి పాతబస్తీ వీధులను చెరువులు చేసినది. సముద్రము పంపిన ఆ నీరే, వీధులు దాటి, నదులబడి, మరల మొగకు చేరినది. అది ఉప్పును వెనుకకు నెట్టు నీరు.

1908 వరద పిదప విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగరును (1920), హిమాయత్‌సాగరును (1927) నిర్మించిరి. కృష్ణపై 1855 నాటికే బెజవాడ ఆనకట్ట కలదు. తరువాత ప్రకాశం బ్యారేజి, నాగార్జునసాగరు, శ్రీశైలము వచ్చినవి. ఇవి కోట్లమందికి అన్నము పెట్టినవి. కాదనుట న్యాయము కాదు. కాని ఒండ్రు జలాశయముల అడుగుననే నిలిచిపోవుచున్నది. మట్టి అందని తీరమును కెరటములు కోసివేయుచున్నవి. నగరమునుండి మూసీ మోయునది చాలవరకు మురుగునీరు. లవణములు మితిమీరిన నాచు విపరీతముగా పెరిగి, చచ్చి కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించును.

'నీరు వృథాగా సముద్రము పాలైనది' అని మనము తరచు విందుము. బచావతు న్యాయమండలి 1973లో కృష్ణాజలములను 2,060 టి.ఎం.సి.లుగా లెక్కించి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 చొప్పున పంచినది. ఒక టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఆ మూడు అంకెలను కూడి చూడుడు. మొగకు, రొయ్యపిల్లకు, మడచెట్టునకు ప్రత్యేకముగా వ్రాసిన పద్దు కానరాదు. వానలు చాలని యేట ఏటినీటి త్రోపు లేక మొగలలో ఇసుక మేటవేయును. అప్పుడు బెస్తలు పడవలు దాటించుటకు పోటుకొరకు ఒడ్డున కాచుకొని యుందురు.