రెండు నెలల నగర నివాసము: పేటను ఎంచుకొనుట ఎట్లు?

వేసవిలో గోదావరి కాలువలు కట్టివేయుదురన్న సంగతి మన డెల్టా గ్రామములలో తెలియనివారు లేరు. కాలువ కట్టిన తరువాత మంచినీటి చెరువు నింపుకొందమని కూర్చుండు పంచాయతీ ఎచ్చటను ఉండదు. నీరు పారుచుండగనే గట్టు చూచుకొని, తూము బాగుచేయించి, చెరువును నిండుగా నింపుకొందుము. ఇట్టి ముందుచూపే నేడు మరియొక వేసవి విషయమునకు కూడ కావలసియున్నది. అది మన గ్రామముల యువతీ యువకులు రెండు నెలల పాటు హైదరాబాదునకు పోయి నివసించు విషయము.

ఎందుకు పోవుచున్నారు?

పాలకొల్లు ప్రాంతము వారు పెద్ద నగరమునకు పోవుట క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు మనకు మద్రాసే రాజధాని. ఆ తరువాత కూడ చాలకాలము మనవారు ఆ నగరమునకు పోవుచునే యుండిరి. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు మున్నగు పాలకొల్లువారు సినిమా రంగమున పేరు గడించినది అక్కడనే. 1956 నవంబరు 1 నుండి హైదరాబాదు మన రాజధాని అయినది. 2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయినది. పదేండ్ల ఉమ్మడి రాజధాని గడువు కూడ 2024 జూన్ 2తో ముగిసినది. అయినను మన పిల్లలు పనికొరకు, శిక్షణకొరకు ఆ నగరమునకు పోవుట మానలేదు.

వేసవి ప్రయాణములకు ఇంటర్న్‌షిప్ ఒక ముఖ్యకారణము. విద్యార్థి కొంతకాలము ఒక కార్యాలయములోగాని కర్మాగారములోగాని పనిచేసి, అనుభవము గడించి, ధ్రువపత్రము తెచ్చుకొనుటయే ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రమున 2020లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో ఇది చేర్చబడినది. ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులకు సైతము ఇట్టి శిక్షణ అవసరమగుచున్నది. పోటీపరీక్షల శిక్షణకును, కంప్యూటరు కోర్సులకును పోవువారు వేరుగా నున్నారు. వీరిలో పెక్కురు ఇరువది ఏండ్ల లోపువారు. ఇల్లు విడిచి ఉండుట వీరికి ఇదియే మొదటిసారి.

ఒక గ్రామమున జరిగినది

పాలకొల్లునకు సమీపమున ఒక గ్రామమునకు మేము పోయినపుడు ఒక రైతు తన కుమారుని సంగతి చెప్పెను. పిల్లవానికి గచ్చిబౌలిలో ఒక కార్యాలయమున రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరకినది. మేనమామ ఇల్లు నగరమునకు ఈశాన్యమున, ఈసీఐఎల్ దరినున్న కుషాయిగూడలో ఉన్నది. అద్దె లేదు, భోజనము ఇంటిదే. ఇంతకన్న ఏమి కావలెనని అక్కడకే పంపిరి.

కుషాయిగూడకు మెట్రో రైలు లేదు. ఆ పిల్లవాడు ఉదయము బస్సులో హబ్సిగూడ చేరి, అచ్చట మెట్రో ఎక్కి, చివరి స్టేషనైన రాయదుర్గములో దిగి, మరల బస్సు పట్టుకొని గచ్చిబౌలి చేరవలెను. పోవుటకు రెండు గంటలు, వచ్చుటకు రెండు గంటలు. మే నెల ఎండలో ఐదు వారములు తిరిగి, ఆరవ వారమున వడదెబ్బ తగిలి జ్వరముతో ఇంటికి వచ్చినాడు. రెండు నెలలు పూర్తికానందున ధ్రువపత్రము రాలేదు. “బావమరిది ఇల్లుంది కదా, అద్దె మిగులుతుంది అనుకున్నామండీ. ఏడాది చదువు వెనకబడుతుందనుకోలేదండీ” అని ఆ రైతు బాధపడెను.

ఈ విషయమున మేనమామ తప్పు లేదు, పిల్లవాని తప్పును లేదు. నివాసమును చుట్టరికమును బట్టి ఎంచుకొనిరి. పనిచోటును బట్టి ఎంచుకొనలేదు. ఇదియే మనము గ్రహింపవలసిన మొదటి పాఠము.

దూరమును గంటలతో కొలువవలెను

గ్రామమున మనము దూరమును కిలోమీటర్లలో చెప్పుకొందుము. నగరమున అట్లు చెప్పిన ప్రయోజనము లేదు. పని ప్రారంభమగు వేళకు ఇంటినుండి అచ్చటికి చేరుటకు ఎంతసేపు పట్టునో అదియే నిజమైన దూరము.

ఒక చిన్న లెక్క వేసి చూడుడు. దినమునకు నాలుగు గంటల ప్రయాణమైనచో, నెలకు 25 పనిదినముల చొప్పున రెండు నెలలకు 200 గంటలు. పనిచోటునకు అరగంట దూరమున నివసించువానికి 50 గంటలు మాత్రమే. తేడా 150 గంటలు. దినమునకు ఎనిమిది గంటల పని చొప్పున లెక్కించిన అది ఇంచుమించు 19 పనిదినములు. రెండు నెలల శిక్షణకు పోయినవాడు 19 దినముల కాలమును రోడ్డుమీదనే గడుపుట లాభమా?

అద్దె విషయము కూడ ఇట్లే చూడవలెను. పనిచోటు దగ్గర హాస్టలునకు నెలకు 8,000 రూపాయలనియు, దూరమున 6,000 రూపాయలనియు అనుకొందము. దూరపు చోటునుండి దినమునకు ప్రయాణఖర్చు 100 రూపాయలు అధికమైనచో, 25 దినములకు 2,500 రూపాయలగును. చౌక అనుకొన్న చోటు నెలకు 500 రూపాయలు ప్రియమైనది. కావున అద్దె, భోజనము, ప్రయాణము ఈ మూడును కూడినపిదపనే ఏది చౌకయో తేల్చవలెను.

ఏ పనికి ఏ పేట?

హైదరాబాదు మెట్రోలో మూడు మార్గములు కలవు. మొదటి భాగము 2017 నవంబరులో ప్రారంభమైనది. ఒక మార్గము మియాపూరునుండి ఎల్.బి.నగర్‌నకు, రెండవది నాగోలునుండి రాయదుర్గమునకు, మూడవది జూబ్లీ బస్ స్టేషనునుండి మహాత్మాగాంధీ బస్ స్టేషనునకు పోవును. మొదటి రెండు మార్గములు అమీర్‌పేటలో కలియును. ఈ మూడు గీతలను ఒక కాగితముపై గీసికొని, పనిచోటును గుర్తించి, పిమ్మట పేటను వెదకవలెను.

మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు: సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన నాటినుండి సాఫ్ట్‌వేరు కార్యాలయములు ఈ పడమటి భాగమున పెరిగినవి. ఇచ్చట పని దొరకినవారు ఇచ్చటనే హాస్టలు చూచుకొనుట మేలు. అద్దెలు కొంత ఎక్కువ. మెట్రో రాయదుర్గముతో ఆగిపోవును గనుక గచ్చిబౌలిలో పనిచేయువారు అక్కడనుండి పోవు బస్సు, షేర్ ఆటోల సంగతి కూడ విచారించవలెను.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ: కోస్తా జిల్లాల కుటుంబములు పెక్కు ఇచ్చట స్థిరపడినవి. మన తిండి దొరకును, తెలిసినవారు కనబడుదురు. మొదటిసారి ఇల్లు విడిచినవారికి ఇది ధైర్యము. అయితే ఒక మెలిక కలదు. హైటెక్ సిటీ ఇచ్చటికి రోడ్డున దగ్గరయే. మెట్రోలో మాత్రము అమీర్‌పేట వరకు పోయి, రైలు మారి, చుట్టు తిరిగి రావలెను. రోడ్డున పోవువారు ఉదయపు రద్దీని లెక్కలోనికి తీసికొనవలెను.

అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్: స్వల్పకాలిక కంప్యూటరు కోర్సులకు ఇది పేరుపొందిన స్థలము. రెండు మెట్రో మార్గములు కలియుటచే ఎటు పోవుటకైనను వీలు. హాస్టళ్లు చాల కలవు; కాని గదులు ఇరుకు, జనసమ్మర్దము ఎక్కువ. గాలి, వెలుతురు చూచి మరీ చేరవలెను.

చిక్కడపల్లి, అశోక్‌నగర్: గ్రూప్స్ మున్నగు పోటీపరీక్షలకు చదువువారి పేటలివి. నగర కేంద్ర గ్రంథాలయము చిక్కడపల్లిలోనే యున్నది. పరీక్షకు చదువువారికి ఇది అనుకూలము. మాదాపూరులో పనిచేయువానికి కాదు.

దిల్‌సుఖ్‌నగర్: కోచింగు కేంద్రములకు, హాస్టళ్లకు పేరున్న తూర్పు భాగపు పేట. ఎల్.బి.నగర్ దగ్గర అగుటచే విజయవాడవైపు రాకపోకలకు సుకరము. పడమటి కార్యాలయములకు మాత్రము దూరము.

బాలానగరు, సనత్‌నగరు, పటాన్‌చెరు: పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చదివినవారికి పని నేర్పు చోట్లివి. పనిముట్ల తయారీలో శిక్షణనిచ్చు కేంద్రప్రభుత్వ సంస్థ బాలానగరులో 1968లో స్థాపింపబడినది. పటాన్‌చెరు దరి ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధనాకేంద్రము ఉన్నది.

రాజేంద్రనగరు: వ్యవసాయ విశ్వవిద్యాలయము, జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఇచ్చటనే యున్నవి. శిక్షణకై ఆ సంస్థకు పోయివచ్చిన సభ్యులు ఈ ప్రాంతమును ఎరిగియేయుందురు. మెట్రో లేదు, బస్సులపై ఆధారపడవలెను.

నీరు, ఎండ, అడ్వాన్సు

ఆ గ్రామముననే ఒక వడ్రంగి కుమార్తె కూడ ఇంటర్న్‌షిప్‌నకు పోయినది. పై రైతు కుమారుని అనుభవమును విని, ఆ తండ్రి మాదాపూరు మెట్రో స్టేషనునకు నడచిపోవు దూరమున హాస్టలు చూచెను. ఆ బాలిక రెండు నెలలు పూర్తిచేసి ధ్రువపత్రము తెచ్చుకొన్నది. కాని ఆమెకును రెండు చిక్కులు వచ్చినవి. మే నెలలో హాస్టలు బోరు ఎండిపోయినది. ట్యాంకరు రాని దినమున బకెట్టు నీటితో సరిపెట్టుకొనవలసి వచ్చినది. వెళ్లిపోవునపుడు అడ్వాన్సులో సగమే తిరిగి ఇచ్చిరి. ముందుగా వ్రాతపూర్వకముగా ఏమియు లేకుండుటచే అడుగుటకు ఆధారము లేకపోయినది.

కాలువ ఒడ్డున పుట్టిన మనకు నీరు అడిగి తెలిసికొనవలసిన వస్తువని తోచదు. కావున హాస్టలులో చేరుటకు ముందే ఈ విషయములను విచారించవలెను. నీరు నల్లానుండి వచ్చునా, బోరునుండియా, ట్యాంకరునుండియా? గత మే నెలలో ఎట్లుండెను? ఈ ప్రశ్నను యజమానిని కాక, అచ్చట నివసించు పిల్లలను అడుగవలెను. గది పై అంతస్తులో కప్పు క్రింద ఉన్నదా? హైదరాబాదు ఎండ మన ఎండవలె ఉక్కపోయదు. పొడిగానుండుటచే చెమట తెలియదు, దాహము తెలియదు. అందుచే దప్పిక కాకున్నను నీరు త్రాగవలెనని పిల్లలకు చెప్పి పంపవలెను.

అడ్వాన్సు ఎంత, అందులో ఎంత తిరిగి ఇత్తురు, ఎన్ని దినములు ముందుగా చెప్పవలెను అను మూడు సంగతులను రసీదుపై వ్రాయించుకొనవలెను. గదిని కంటితో చూడకుండ, ఫోనులో ఫొటోలు చూచి డబ్బు పంపరాదు. తండ్రిగాని అన్నగాని ఒక దినము ముందుగా పోయి, పని ప్రారంభమగు వేళకు హాస్టలునుండి కార్యాలయమునకు ఒకసారి ప్రయాణము చేసి చూచుట ఉత్తమము. నరసాపురమునుండి లింగంపల్లికి పోవు రైలు పాలకొల్లు మీదుగానే పోవును. పడమటి పేటలలో దిగువారు సికింద్రాబాదులో దిగక లింగంపల్లి వరకు పోవుట సుకరము. రైలు వేళలు స్టేషనులో విచారించుకొనవలెను.

ఆడపిల్లల విషయము

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన మహిళల ఉచిత బస్సు ప్రయాణము ఆ రాష్ట్రవాసులకే వర్తించును. మన రాష్ట్రమున 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకము మన బస్సులకు సంబంధించినది. కావున మన బాలికలు అక్కడి బస్సులలో టిక్కెట్టు కొనవలసియేయుండును. నెల ఖర్చులో దీనిని చేర్చుకొనవలెను.

స్టేషనునుండి హాస్టలు వరకు దారి రాత్రివేళ వెలుతురుగా ఉన్నదా, అంగళ్లు తెరచియుండునా అను సంగతి కంటితో చూడవలెను. ఆపదలో 112 నెంబరు దేశమంతటను పనిచేయును; మహిళల సహాయమునకు 181 కలదు. తెలంగాణ పోలీసుల షీ టీములు 2014 నుండి పనిచేయుచున్నవి. ఈ సంగతులు ఆడపిల్లలను బెదరించి ఇంట ఉంచుటకు కాదు, ధైర్యముగా పంపుటకు చెప్పుచున్నాము. పైన చెప్పిన వడ్రంగి కుమార్తె పని ముగించి వచ్చినదను సంగతిని మరువరాదు.

పంచాయతీ చేయదగినది

ఆ వడ్రంగికి సలహా ఇచ్చినది వార్డు సభ్యురాలు ఒకామె. ఆమె హైదరాబాదును ఎన్నడును చూడలేదు. అయినను మాదాపూరులో పనిచేయుచున్న తమ ఊరి పిల్లవానికి ఫోను చేసి, “మీ వైపు హాస్టలు ఎక్కడ బాగుంటుంది నాయనా? నీళ్లు వస్తాయా?” అని అడిగినది. ఆ ఒక్క ఫోనుతో సగము పని జరిగినది. నీళ్ల సంగతి చెప్పుటలో ఆ పిల్లవాడు కొంత పొరపడినను, దూరము విషయమున సరియైన సలహా ఇచ్చెను.

ఈ పని ఒకరి చొరవపై ఆధారపడ నవసరము లేదు. లంకలకోడేరు, దిగమర్రు, భగ్గేశ్వరము, పూలపల్లి వంటి గ్రామములనుండి నగరమునకు పోయి స్థిరపడినవారు ఎందరో కలరు. వారి సమ్మతితో పేరు, పేట, పని, ఫోను నెంబరు ఒక పుస్తకమున వ్రాసి పంచాయతీ కార్యాలయమున భద్రపరచవచ్చును. వేసవి నుండి తిరిగివచ్చిన ప్రతి విద్యార్థిచేత తానున్న చోటు, ప్రయాణకాలము, నీటి వసతి, అయిన ఖర్చు నాలుగు పంక్తులలో వ్రాయింపవచ్చును. మూడు వేసవులు గడచుసరికి ఆ గ్రామమునకు సొంతమైన మార్గదర్శి తయారగును. దీనికి ప్రత్యేక నిధి అక్కరలేదు; ఒక నోటుపుస్తకము చాలును.

సభ్యులు చర్చించుటకు

1. మన గ్రామమునుండి ఈ వేసవిలో నగరమునకు పోవువారు ఎందరు? ఏ పనికి పోవుచున్నారు?

2. వారి పనిచోటులు ఏ పేటలలో ఉన్నవి? ఉదయపు రద్దీలో వారు అచ్చటికి చేరుటకు ఎంతసేపు పట్టును?

3. గత వేసవిలో పోయివచ్చినవారిని సమావేశమునకు పిలిచి, క్రొత్తగా పోవువారితో మాట్లాడింపగలమా?

4. పంచాయతీ పుస్తకమును వ్రాయు బాధ్యత ఎవరు వహింతురు?

కాలువ కట్టుటకు ముందే చెరువు నింపుకొనుట మనకు పెద్దలు నేర్పిన పద్ధతి. పిల్లలు రైలెక్కుటకు ముందే ఈ ప్రశ్నలకు సమాధానములు సిద్ధపరచుకొనుటయు అట్టిదే. ఆ రైతు కుమారుడు మరల దరఖాస్తు చేసికొన్నాడు. ఈసారి కార్యాలయమెచ్చటనో తేలినపిదపనే వసతి చూతునని తండ్రి మాతో అనెను.