సకమ్ – కింద పడినవాడి క్రియ

ఇంగ్లీషు పేపరు చదివే అలవాటు ఉన్నవారికి 'సకమ్' అనే క్రియ తరచుగా ఎదురవుతూనే ఉంటుంది. పోటీ పరీక్షల్లో తప్పు పట్టే ప్రశ్నలకు కూడా పనికివచ్చే మాట. అందుకే ఈ సంచికలో ఈ ఒక్క మాటనే తీసుకున్నాం.

ముందు స్పెల్లింగు: ఎస్, యు, సి, సి, యు, ఎం, బి. చివరి బి పలకదు. బొటనవేలును థమ్ అని, దువ్వెనను కోమ్ అని పలికినట్లే ఇదీ. భూతకాలంలో సకమ్డ్, ఇంగ్ చేరితే సకమింగ్. అక్కడా బి నోరు మెదపదు.

నిఘంటువు తెరిస్తే లొంగిపోవు, వశమగు, చనిపోవు అని కనిపిస్తుంది. ఈ మూడూ బట్టీ పట్టినంత మాత్రాన వాక్యం రాయడం రాదు. మాట పుట్టుక చూద్దాం. ఇది లాటిన్ నుండి వచ్చింది. 'సబ్' అంటే కింద, 'కుంబెరె' అంటే పడుకొనుట. బస్తా మోసే మనిషిని ఊహించుకోండి. మోయగలిగినంత దూరం మోసి, మోకాళ్లు వణికి, ఇక వల్లకాక బరువు కింద కూలబడతాడు. సకమ్ అంటే అదే. కూలబడటం ఎంత ముఖ్యమో, అంతవరకు మోయడమూ అంతే ముఖ్యం. అసలు పెనుగులాడని వాడికి ఈ క్రియ అంతగా నప్పదు.

మన తెలుగు పేపర్లు ఈ తేడాను చక్కగా పాటిస్తాయి. బస్సు ప్రమాదం వార్తలో 'ఇద్దరు అక్కడికక్కడే మృతి చెందారు, మరొకరు చికిత్స పొందుతూ మృతి చెందారు' అని రాస్తారు. ఇంగ్లీషులో మొదటి ఇద్దరూ 'డైడ్ ఆన్ ది స్పాట్', మూడో మనిషి 'సకమ్డ్ టు ఇంజురీస్'. ఆసుపత్రిలో గడిచిన ఆ కొన్ని గంటల పోరాటమంతా ఆ ఒక్క క్రియలో ఉంది.

ఇక వ్యాకరణం. దేనికి లొంగాడో చెప్పాలంటే దీని తర్వాత 'టు' రావాలి. 'ఒత్తిడికి లొంగాడు' అనే వాక్యంలోని 'కి' గుర్తుంటే 'సకమ్డ్ టు ప్రెషర్' అని సులువుగా వస్తుంది. చిక్కంతా 'గాయాలతో మృతి' దగ్గరే. ఆ 'తో'ను పట్టుకుని చాలామంది 'సకమ్డ్ విత్ ఇంజురీస్' అని రాస్తారు. అది తప్పు. 'సకమ్డ్ టు డెత్' అనేదీ సరికాదు. మనిషిని పడగొట్టింది గాయమో జబ్బో. చావు దాని ఫలితం.

ఇంకో సంగతి, 'వాజ్ సకమ్డ్' అని కర్మణి ప్రయోగం చేయకూడదు. 'ఓవర్‌పవర్'తో పోల్చి చూడండి. పోలీసులు దొంగను ఓవర్‌పవర్ చేస్తే, 'ది థీఫ్ వాజ్ ఓవర్‌పవర్డ్' అంటాం. అక్కడ గెలిచినవాడు కర్త. సకమ్‌లో ఓడినవాడే కర్త, కాబట్టి వాక్యాన్ని తిప్పవలసిన పనే లేదు.

జబ్బు విషయంలో ఈ మాటలో నింద ఉండదు. 'సకమ్డ్ టు క్యాన్సర్' అంటే ఎవరూ రోగిని తప్పు పట్టరు. కానీ ఒత్తిడి, ప్రలోభం, బెదిరింపు అన్నప్పుడు 'నిలబడలేకపోయాడు' అనే చిన్న ముల్లు ఇందులో ఉంటుంది. మనలాంటి వాళ్లం జాగ్రత్తగా ఉండవలసింది ఇక్కడే. 1932 పూనా ఒడంబడికనే తీసుకోండి. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. దానికి వ్యతిరేకంగా గాంధీజీ సెప్టెంబర్ 20న ఎరవాడ జైలులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 24న అంబేద్కర్ సంతకం చేశారు. దీన్ని 'అంబేద్కర్ సకమ్డ్ టు ప్రెషర్' అని రాయవచ్చా?

వ్యాకరణం ప్రకారం వాక్యంలో దోషం లేదు. మాకు మాత్రం అది సరైన మాట అనిపించదు. ఒత్తిడి ఉన్నమాట నిజం. ఒక మనిషి ప్రాణం పోతే ఊళ్లలో మనవాళ్ల గతి ఏమవుతుందోనన్న భయం చిన్నదేమీ కాదు. అయినా ఆయన బరువు కింద ఒరిగిపోలేదు, బేరమాడారు. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి, కానీ రాష్ట్ర శాసనసభల్లో 71గా ఉన్న సీట్లు 148 అయ్యాయి. తర్వాత 1945లో ఆ ఒడంబడికను విమర్శిస్తూ ఆయనే పుస్తకం రాశారు. అందుకే మేమైతే 'సైన్డ్ అండర్ ప్రెషర్' అని రాస్తాం. అందులో ఒత్తిడీ కనిపిస్తుంది, మనిషీ నిలబడే ఉంటాడు. మీరు 'యీల్డెడ్' అంటారా? అదీ పనికివస్తుంది, ఎంతోకొంత తగ్గడం నిజమే కనుక. 'సరెండర్డ్' మాత్రం వద్దు, అది ఆయుధాలు కింద పెట్టేసినవాడి మాట.

చివరగా ఒక సరదా సంగతి. ఎన్నికలప్పుడు వినిపించే 'ఇన్‌కంబెంట్' కూడా ఈ కుటుంబంలోనిదే. అక్కడ అర్థం పైన పడుకొనుట. గుడ్లను పొదిగే ఇంక్యుబేటర్ దానికి దగ్గరి చుట్టం. సిట్టింగ్ ఎమ్మెల్యేకూ పొదుగుకోడికీ చుట్టరికం కలిపింది లాటిన్ వాళ్లే, మేం కాదు.