నీటికి కళ్ళెం

ఆస్పత్రిలో మంచం పక్కన స్టాండుకు సెలైను సీసా వేలాడుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. నర్సు వచ్చి, సీసా కింద గొట్టానికి ఉన్న చిన్న చక్రాన్ని బొటనవేలితో కాస్త పైకో కిందికో జరుపుతుంది. తర్వాత ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను గొట్టం మీద ఉంచి పెదవులు కదుపుతుంది. ఆమె బొట్లు లెక్కపెడుతోంది!

సీసాలో ఉన్నది లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన శుభ్రమైన నీరు. అది గబగబా ఎక్కితే మంచిదే కదా, లెక్క దేనికి అని మీకు అనిపించవచ్చు. రక్తంలోకి నీరు ఒక్కసారిగా ఎక్కువ చేరితే గుండె మీద భారం పడుతుంది. ముఖ్యంగా చంటిపిల్లలకు, ముసలివారికి, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. మరీ నెమ్మదిగా ఎక్కితే, వాంతులు విరేచనాలతో నీరసించిపోయిన రోగికి అందవలసిన నీరు వేళకు అందదు. కాబట్టి ప్రవాహాన్ని అదుపులో పెట్టాలి, కొలవాలి కూడా. ఆ చిన్న చక్రం ఈ పని ఎలా చేస్తుందో తెలియాలంటే, ముందు నీరు ఎందుకు పారుతుందో తెలుసుకోవాలి.

చేసి చూడండి

ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా తీసుకోండి. అడుగుకు 3 సెం.మీ. పైన మేకుతో సన్నని రంధ్రం చెయ్యండి. రంధ్రాన్ని వేలితో మూసి, సీసా నిండా నీళ్ళు పోయండి. మూత పెట్టకుండా వేలు తియ్యండి. నీటిధార మొదట దూరంగా పడుతుంది. సీసాలో నీటిమట్టం తగ్గేకొద్దీ ధార దగ్గరికి వస్తుంది. మట్టం మొదటి 5 సెం.మీ. దిగటానికి ఎంతసేపు పట్టిందో, రంధ్రం దాకా చివరి 5 సెం.మీ. దిగటానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. రెండవదానికే ఎక్కువ సేపు పడుతుంది.

సీసాను మళ్ళీ నింపి, ఈసారి ధార పడుతుండగా మూత గట్టిగా బిగించండి. ధార తగ్గి, కాసేపటికి ఆగిపోతుంది! మూత వదులు చేస్తే మళ్ళీ మొదలవుతుంది.

ఈ ప్రయోగం వల్ల తెలిసేదేమిటి? నీటిని బయటికి నెట్టేది రంధ్రం కాదు, రంధ్రానికి పైన ఉన్న నీటి పీడనం. నీటిమట్టం ఎంత ఎత్తున ఉంటే పీడనం అంత ఎక్కువ. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లి దీనికి లెక్క కట్టాడు. ధార వేగం రెండింతలు కావాలంటే నీటి ఎత్తు నాలుగింతలు కావాలి. ఇక మూత బిగించినప్పుడు లోపలికి గాలి పోయే దారి లేదు. నీరు కొంచెం బయటికి పోగానే లోపలి గాలి పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణ పీడనం నీటిని ఆపేస్తుంది.

రంధ్రం సంగతి కూడా చూద్దాం. ఒక సెకనులో బయటికి వచ్చే నీరు, రంధ్రం వైశాల్యాన్ని ధార వేగంతో గుణిస్తే వస్తుంది. రంధ్రం వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. నీరు కూడా దాదాపు నాలుగో వంతే వస్తుంది.

అంటే ప్రవాహం రెండింటి మీద ఆధారపడుతుంది: వెనుక నుండి నెట్టే పీడనం, ముందున్న దారి. నీటిని అదుపు చేసే పరికరాలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని పట్టుకొనే పనిచేస్తాయి.

దారిని మార్చే తలుపు

కవాటం అంటే తలుపు. నీటి దారిని తెరిచి మూసే పరికరానికి ఆ పేరే పెట్టారు. వాడుకలో వాల్వు అంటాం.

మన ఇంటి కొళాయి కూడా కవాటమే. పాత రకం కొళాయిలో పిడి కింద మర ఉన్న కడ్డీ ఉంటుంది. దాని చివర రబ్బరు వాషరు ఉంటుంది. పిడి తిప్పితే కడ్డీ కిందికి దిగి, వాషరు రంధ్రం చుట్టూ ఉన్న గుండ్రని గట్టు మీద అదుముకుంటుంది. మర దేనికి? పిడి ఒక చుట్టు తిరిగినా కడ్డీ కొద్ది మిల్లీమీటర్లే జరుగుతుంది. అందువల్ల మన వేళ్ళ బలం వాషరు దగ్గర ఎన్నో రెట్లు అవుతుంది. దారిని కొంచెం కొంచెంగా తగ్గించటానికీ వీలవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. జోరుగా పారే నీటిని చటుక్కున ఆపితే, ఆ నీటి బరువంతా తలుపును గుద్దినట్టవుతుంది. గొట్టంలో ఢబ్ మని చప్పుడు వస్తుంది. పెద్ద గొట్టాలయితే ఆ దెబ్బకు పగిలిపోవచ్చు కూడా. అందుకే పెద్ద కవాటాలను మెల్లగా మూస్తారు.

చెరువు తూము కూడా ఈ జాతిదే. పాతకాలపు తూముల్లో రాతిపలకకు రంధ్రం, దానిలో బిరడాలాగా ఇమిడే కొయ్య దిమ్మ ఉంటాయి. దిమ్మకు బిగించిన పొడవాటి గడను పైకి లాగితే నీరు పారుతుంది. కొన్ని తూములకు వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలుంటాయి. చెరువు నిండుగా ఉన్నప్పుడు పై రంధ్రం తెరుస్తారు, మట్టం తగ్గాక కింది రంధ్రం. రంధ్రానికి పైన ఉన్న నీటి ఎత్తు మరీ ఎక్కువ కాకుండా, మరీ తక్కువ కాకుండా చూసుకోవటమే ఇది! తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి ఈ పని చూసేవారు. ఏ పొలానికి ఎంతసేపు నీరు వదలాలో వారికి తెలుసు.

వెనక్కి పోనివ్వని తలుపు

కొన్ని కవాటాలను ఎవరూ తిప్పరు. నీరే తోసి తెరుస్తుంది, నీరే తోసి మూస్తుంది. ఒకవైపే తెరుచుకొనే తలుపు ఇది. బావిలో దించిన మోటారు గొట్టం చివర ఉండే ఫుట్‌వాల్వు ఇలాంటిదే.

మన ఊళ్ళో బోరింగు పంపులో ఇలాంటివి రెండుంటాయి. లోతు బోరుల్లో పంపు స్తూపం నేల లోపల నీటిలోనే మునిగి ఉంటుంది. స్తూపం అడుగున ఒక కవాటం, పైకి కిందికి కదిలే ముషలకంలో ఒక కవాటం. ముషలకం పైకి లేచినప్పుడు దానిలోని కవాటం మూసుకొని, పైనున్న నీటిని ఎత్తుతుంది. కింద ఖాళీ ఏర్పడి, అడుగు కవాటం తెరుచుకొని కొత్త నీరు చొరబడుతుంది. ముషలకం దిగినప్పుడు అడుగు కవాటం మూసుకుంటుంది. ముషలకంలోనిది తెరుచుకొని, నీరు దాని పైకి చేరుతుంది. ఉదయాన పంపును ఎంతోసేపు కొడితేగాని నీరు రాకపోతే, అడుగు కవాటం కారుతూ ఉండవచ్చు. రాత్రంతా గొట్టంలోని నీరు కిందికి జారిపోయిందన్నమాట.

మీ గుండెలోనూ ఇలాంటి తలుపులు నాలుగున్నాయి. చేతుల, కాళ్ళ సిరల్లో కూడా ఉన్నాయి. 1628లో విలియం హార్వే రక్తం శరీరంలో చుట్టి వస్తుందని నిరూపించటానికి ఈ సిరల కవాటాలనే సాక్ష్యంగా చూపాడు.

తనంతట తానే మూసుకొనే తలుపు

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో హీరో అనే మేధావి ఉండేవాడు. నాణెం వేస్తే గుడిలో పవిత్రజలం పోసే పెట్టెను ఆయన వర్ణించాడు. నాణెం పడగానే దాని బరువుకు ఒక తులాదండం వంగి, కవాటం తెరుచుకొనేది. నాణెం జారిపోగానే దండం తిరిగి లేచి, కవాటం మూసుకొనేది. ఇంత నాణేనికి ఇంత నీరు!

మన ఇంటి నీళ్ళ ట్యాంకులో దీనికి తమ్ముడున్నాడు. నీటి మీద తేలే బంతికి ఒక కడ్డీ, కడ్డీ రెండో చివర కవాటం. నీరు పెరిగితే బంతి లేచి కవాటాన్ని మూస్తుంది. నీరు తగ్గితే బంతి దిగి తెరుస్తుంది. ట్యాంకులో నీటిమట్టం ఎప్పుడూ ఒకే ఎత్తున ఉంటుంది కాబట్టి, కింద కొళాయి దగ్గర పీడనం కూడా మారదు.

కొలిచే చక్రం

నీరు సమంగా పారకపోయినా కొలవాలంటే? పాలవాళ్ళు కొలపాత్ర నింపి, పోసి, ఎన్నిసార్లు పోశారో లెక్క పెట్టినట్లే చెయ్యాలి. పెట్రోలు బంకులోని యంత్రం ఇదే చేస్తుంది. లోపల ఒకే కొలత గల చిన్న గదులు నిండుతూ ఖాళీ అవుతూ ఉంటాయి. ఎన్నిసార్లు నిండాయో యంత్రం లెక్కపెడుతుంది.

ఇంటి నీటి మీటరులో సాధారణంగా రెక్కలున్న చిన్న చక్రం ఉంటుంది. పారే నీరు దాన్ని తిప్పుతుంది. నీటి వేగం పెరిగితే చక్రం వేగమూ పెరుగుతుంది. కాబట్టి ఎన్ని చుట్లు తిరిగిందో తెలిస్తే ఎంత నీరు పోయిందో తెలిసినట్లే. పళ్ళచక్రాలు ఆ చుట్లను అంకెలుగా మారుస్తాయి. ఉదయం మీటరు 412.350 ఘనపు మీటర్లు, సాయంత్రం 412.800 చూపితే, తేడా 0.450 ఘనపు మీటర్లు. అంటే 450 లీటర్లు. కొళాయిలన్నీ కట్టేసినా చక్రం తిరుగుతూ ఉందంటే, మీటరు దాటాక ఎక్కడో నీరు కారిపోతున్నట్లే!

మళ్ళీ సెలైను సీసా దగ్గరికి

ఇప్పుడు ఆ సీసాను మరోసారి చూడండి. దాన్ని ఎత్తున ఎందుకు వేలాడదీశారు? పీడనం కోసం. సీసాను చేతి కంటే కిందికి దించితే, రక్తమే గొట్టంలోకి వెనక్కి రావచ్చు. చిన్న చక్రం మెత్తని గొట్టాన్ని నొక్కి దారిని సన్నం చేస్తుంది. గట్టి సీసా అయితే గాలి లోపలికి పోవటానికి దారి ఉంచుతారు. లేకపోతే మన ప్రయోగంలో మూత బిగించిన సీసాలాగా ధార ఆగిపోతుంది. మెత్తని ప్లాస్టిక్ సంచి అయితే అదే ముడుచుకుపోతుంది, గాలి అక్కరలేదు.

ఇక మీటరు ఎక్కడ? సీసా కిందనే ఉన్న చిన్న పారదర్శకమైన గది. అందులో సెలైను బొట్లు బొట్లుగా పడుతుంది. బొట్టు పడే మొన కొలత ప్రకారం చేసింది కాబట్టి బొట్లు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. ఒక రకం గొట్టంలో 20 బొట్లు 1 మి.లీ.తో సమానం. పసిపిల్లలకు వాడే సన్నని రకంలో 60 బొట్లు. ఈ సంఖ్య గొట్టం కవరు మీద అచ్చువేసి ఉంటుంది.

డాక్టరు 500 మి.లీ. సెలైను 4 గంటల్లో ఎక్కించమన్నాడనుకోండి. 20 బొట్ల గొట్టం అయితే మొత్తం 500 × 20 = 10,000 బొట్లు. 4 గంటలంటే 240 నిమిషాలు. 10,000ను 240తో భాగిస్తే సుమారు 42. నిమిషానికి 42 బొట్లు! నర్సు గడియారం చూస్తూ లెక్కపెట్టింది ఇదే. 60 బొట్ల గొట్టాన్ని 20 బొట్లదనుకొని లెక్క కడితే, రోగికి అందవలసిన దానిలో మూడో వంతే అందుతుంది. 20 బొట్లదాన్ని 60 బొట్లదనుకుంటే మూడింతలు ఎక్కుతుంది. చిన్న లెక్క, కాని ఒక ప్రాణం దాని మీద ఉంటుంది.

సీసాలో మట్టం తగ్గినా, రోగి చెయ్యి కదిలించినా, లేచి కూర్చున్నా బొట్ల వేగం మారుతుంది. అందుకే నర్సు మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తుంది. పెద్ద ఆస్పత్రుల్లో ఈ పనిని విద్యుత్ పంపులు చేస్తున్నాయి. అయినా వాటి లోపల ఉన్నది కూడా ఇదే లెక్క. మీరు ఎవరినైనా చూడటానికి ఆస్పత్రికి వెళితే బొట్లు లెక్కపెట్టండి, ఫరవాలేదు. ఆ చక్రాన్ని మాత్రం ముట్టుకోకండి. తేడా కనిపిస్తే నర్సుకు చెప్పండి.

ఆలోచించండి

1. 500 మి.లీ. సెలైను 8 గంటల్లో ఎక్కాలి. గొట్టం 20 బొట్లది. నిమిషానికి ఎన్ని బొట్లు?

2. కొళాయి సెకనుకు ఒక బొట్టు చొప్పున కారుతోంది. 20 బొట్లు 1 మి.లీ. అయితే, ఒక రోజుకు ఎంత నీరు వృథా అవుతుంది? మీ కొళాయి బొట్టు ఇంకా పెద్దది కావచ్చు. 100 బొట్లు పట్టి, మందు కొలిచే మూతతో కొలిచి చూడండి.

3. ట్యాంకులో తేలే బంతికి చిల్లు పడి నీరు నిండితే ఏమవుతుంది?

జవాబులు: 1. సుమారు 21 బొట్లు. 2. రోజుకు 86,400 బొట్లు, అనగా 4 లీటర్ల 320 మి.లీ. 3. బంతి తేలదు, కవాటం మూసుకోదు, ట్యాంకు నిండి పొర్లిపోతుంది.