హంపీని కట్టించినవారు

హంపీని కట్టించినదెవరని పిల్లలనడుగుడు. కృష్ణదేవరాయలని వెంటనే చెప్పుదురు. మేమును పెక్కేండ్లు తరగతిలో అట్లే చెప్పితిమి. ఆముక్తమాల్యదను మన భాషలో రచించిన ప్రభువగుటచే ఆ మాట మన చెవికింపుగా నుండును. కాని అచ్చటి శాసనములు చూచినచో ఆ జవాబు సగమే నిజమని తెలియగలదు.

రాయలు కట్టించినవి తక్కువ కావు. 1509లో పట్టాభిషిక్తుడై, మరుసటి యేడు విరూపాక్షాలయమున రంగమండపమును కట్టించెను. 1514లో గజపతులనుండి ఉదయగిరి దుర్గమును గెలిచి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాజధానికి తెచ్చి, 1515లో దానికొక గొప్ప ఆలయము నిలిపెను. విఠలాలయమున నూరుకాళ్ల మండపము 1516 నాటిది. ఒకే బండయందు మలచిన సుమారు 22 అడుగుల నరసింహమూర్తి 1528 నాటిది. అయినను ఆయన సింహాసనమెక్కునాటికే రాజధానికి నూటయేబది యేండ్లు దాటినవి. రామాయణగాథను గోడలపై చెక్కిన రామచంద్రాలయము మొదటి దేవరాయల కాలమునందే వెలసినది.

ఇక రాజులు కానివారి కట్టడములు చూతము. రెండవ హరిహరరాయల దండనాయకుడు ఇరుగప్ప జైనుడు. ఆయన 1386లో కుంథునాథ తీర్థంకరునకు ఆలయము కట్టించి, ఎదుటి దీపస్తంభముపై శాసనము వ్రాయించెను. జనులు మాత్రము దానిని గాణిగిత్తి గుడి, అనగా గానుగామె గుడి, యందురు. సేనాని పేరు రాతిపై నిలిచినను జనుల నోట నిలువలేదు! రెండవ దేవరాయల కొలువున నున్న అహమ్మదుఖాను 1439లో మసీదు కట్టించెను. శాసనము దానిని ధర్మశాల యనుచున్నది. తత్ఫలమగు పుణ్యము రాజునకు చెందవలెనని కట్టించినది. చూపునకు అది గుడి మండపమువలెనే యుండును.

అచ్యుతరాయాలయమని పిలువబడుదానిని కట్టించినవాడు అచ్యుతరాయలు కాడు. 1534లో ఆయన బావమరది హిరియ తిరుమలరాజు తిరువేంగళనాథునికై దానిని నిర్మించెను. ఇచ్చట ధనము వెచ్చించినదొకరు, పేరు దక్కినది వేరొకరికి. విఠలాలయపు గోపురములు 1513లో రాయల రాణులు కట్టించినవి. ఉయ్యాల మండపము 1554లో, అళియ రామరాయలు అధికారము చలాయించుచున్న దినములలో, ఉదయగిరి తిమ్మరాజు కట్టించినది.

సామంతులును సేనానులును ఇట్లేల వ్యయపడిరి? దైవభక్తి యుండెననుటలో సందేహము లేదు. కాని వారి పదవులు రాజానుగ్రహముచే వచ్చినవి. రాజు దర్శనమునకు వచ్చు చోట, మహోత్సవములకు లోకమంతయు చేరు చోట, తమ మండపముండుట తమ అంతస్తునకు గురుతు. పుణ్యము రాజున కర్పించుట విధేయతకు గురుతు. కేవలము కట్టించిన చాలదు. దీపమునకు నూనె, నైవేద్యమునకు బియ్యము, ఉత్సవమునకు ఖర్చు నిత్యము రావలెను. అందులకై గ్రామముల రాబడిని వ్రాసి యిచ్చిరి. బడి నడుపువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

1565లో రామరాయలు యుద్ధమున కూలెను. రాచకుటుంబము పెనుగొండకు తరలెను. దాతలు పోయిరి, రాబడులు నిలిచిపోయెను. తిమ్మరాజు మండపమున ఉయ్యాల సేవ లేదు. కృష్ణాలయమున కృష్ణుడు లేడు. విరూపాక్షాలయమున మాత్రము నేటికిని నిత్యపూజ జరుగుచున్నది.