ఇంట్లోకి హైస్కూలు తెచ్చుకునే ముందు

మారతహళ్ళి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగు ఇళ్ళలో ఈ మధ్య ఈ మాట తరచూ వినిపిస్తోంది: "పిల్లాణ్ణి ఆన్‌లైన్ స్కూల్లో వేసేద్దామా?" ఒక్కో ఇంటిది ఒక్కో కారణం. రింగు రోడ్డు మీద పోను గంట, రాను గంట. ఎలహంక దాటాక ఉన్న పడుకోన్-ద్రావిడ్ క్రీడాకేంద్రంలో రెండుపూటలా బ్యాడ్మింటన్ సాధన. ఒంట్లో బాగోకపోవడం. తోటిపిల్లల వేధింపులు. లేదంటే పద్నాలుగేళ్ళ పిల్ల "నేను బడికి వెళ్ళను" అని తలుపేసుకోవడం.

ఏ స్కూలని వెతకబోయే ముందు మీ ఇంటి కారణం ఏదో తేల్చుకోండి. ఆట కోసమో ఆరోగ్యం కోసమో అయితే ఆన్‌లైన్ చదువు నిజంగా అక్కరకొస్తుంది. వేధింపులైతే వేరే బడి సరిపోవచ్చు. పిల్ల గదిలోంచి బయటికి రావడం మానేస్తే మాత్రం, చదువు కూడా ఆ గదిలోకే తెచ్చిపెట్టడం తలుపుకి ఇంకో గడియ బిగించినట్టే. అప్పుడు ముందు వెళ్ళాల్సింది నిమ్హాన్స్‌లోని పిల్లల మానసిక వైద్య విభాగానికో, మీకు నమ్మకమున్న మరో డాక్టరు దగ్గరికో. స్కూలు సంగతి తర్వాత చూడొచ్చు.

ఆన్‌లైనే అనుకున్నాక ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మార్కుల మెమో మీద ఏ బోర్డు పేరుంటుంది? సీబీఎస్ఈ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి, కాబట్టి పూర్తిగా ఇంట్లోనే కూర్చుని ఆ సర్టిఫికెట్ తెచ్చుకునే దారి లేదు. మన దేశంలో చాలా ఆన్‌లైన్ స్కూళ్ళు చివరికి పిల్లల చేత రాయించేది జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్ఐఓఎస్ పరీక్షలే. ఇది 1979లో సీబీఎస్ఈలో ఒక ప్రాజెక్టుగా మొదలై, 1989లో విడి సంస్థ అయింది. కేంద్ర ప్రభుత్వానిదే. ఇందులో నేరుగా మీరే పేరు నమోదు చేయించవచ్చు. అందువల్ల ప్రైవేటు సంస్థకి లక్షలు కడుతున్నారంటే ఆ డబ్బు బోధనకే తప్ప సర్టిఫికెట్టుకి కాదని తెలిసే కట్టండి. ఎప్పుడూ వినని బోర్డు పేరు చెబితే, అది పాఠశాల బోర్డుల మండలి కాబ్సే జాబితాలో ఉందో లేదో చూడండి. అమెరికన్ డిప్లొమా ఇస్తామంటే, దాన్ని ఇక్కడి ఇంటర్‌తో సమానంగా లెక్కిస్తారా అని సంబంధిత అధికార సంస్థని ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఎన్ఐఓఎస్‌లో పదో తరగతికి పద్నాలుగేళ్ళు నిండాలి. అయిదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒకటి భాష. ఆ భాష తెలుగు కావచ్చు. ఇంట్లో గలగలా మాట్లాడుతూ తెలుగులో ఒక ఉత్తరం రాయలేని బెంగళూరు పిల్లలకి ఇది మంచి అవకాశం, వదులుకోకండి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలోనూ అక్టోబరు-నవంబరులోనూ జరుగుతాయి. నమోదు అయిదేళ్ళు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలుంటాయి. ఒక సబ్జెక్టు పోతే అదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. ఇంటి దగ్గర రాసే అసైన్‌మెంట్లకి 20 శాతం మార్కులు. చివరి వారం దాకా వాయిదా వేసి తల్లులు రాసిచ్చే ఇళ్ళున్నాయి. దయచేసి ఆ పని చేయకండి, పిల్లలు సొంతంగా నాలుగు పేజీలు రాసే సాధన ఈ చదువులో దొరికేది ముఖ్యంగా అక్కడే. "ఏడాదిలో ఇంటర్ పూర్తి" అనే ఏజెంట్లనీ నమ్మకండి. పది పాసయ్యాక పన్నెండు సర్టిఫికెట్టు రావడానికి రెండేళ్ళ ఎడం ఉండాలి.

నీట్, జేఈఈల గురించి బెంగ అక్కర్లేదు. అయిదు సబ్జెక్టులతో ఎన్ఐఓఎస్ పన్నెండు పాసైతే జేఈఈ రాయవచ్చు. సార్వత్రిక పాఠశాలల్లో చదివినవాళ్ళు నీట్‌కి అర్హులేనని 2024లో సుప్రీంకోర్టులో కూడా తేలింది.

మన వాళ్ళు మరిచిపోయేది స్థానికత. కర్ణాటక సీఈటీ సీటుకి ఉన్న ప్రధాన నిబంధన ప్రకారం, గుర్తింపు ఉన్న బడుల్లో ఏడేళ్ళు ఇక్కడే చదివి, పదో పన్నెండో ఇక్కడే పాసై ఉండాలి. తెలంగాణలో మెడికల్ సీటుకి తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. మీ అబ్బాయి బెంగళూరులో ఇంట్లో కూర్చుని చదివిన ఏళ్ళు ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తాయి? నోటిమాట మీద వదిలేయకుండా మల్లేశ్వరంలోని కర్ణాటక పరీక్షా ప్రాధికార ఆఫీసుకి ఒకసారి వెళ్ళి అడగండి.

ఇవన్నీ కాగితాలు. నాకు ఎక్కువ దిగులుగా ఉండేది పగటిపూట గురించి. మీరిద్దరూ ఆఫీసుకి వెళ్ళాక పదకొండు గంటలకి ఆ పిల్లాడు ఏం చేస్తుంటాడు, ఎవరితో మాట్లాడతాడు? చేరే ముందు ఒక వారం క్లాసులు విననివ్వమని స్కూలుని అడగండి, మీరూ పక్కన కూర్చోండి. టీచరు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారా, రికార్డు చేసిన వీడియో వేసి ఊరుకుంటున్నారా? వాళ్ళు దిద్దిన ఒక జవాబుపత్రం చూపించమనండి. వట్టి మార్కు వేసి వదిలేశారా, లెక్క ఏ మెట్టు దగ్గర తప్పిందో చూపించి పక్కన రాశారా అన్నది చూస్తే ఆ బడి ఎలాంటిదో మీకు తెలిసిపోతుంది. చదువు కాక వారంలో కొన్ని పూటలు బయట గడవాలి. టి. చౌడయ్య రోడ్డులోని నెహ్రూ ప్లానెటేరియం, కబ్బన్ పార్కులోని కేంద్ర గ్రంథాలయం, అపార్టుమెంటు కింద క్రికెట్, ఏదైనా సరే. ఈ వయసులో గొడవపడి మళ్ళీ కలిసిపోవడానికి ఈడు పిల్లలు ఉండాలి. అమ్మానాన్నలు ఎంత ప్రేమగా ఉన్నా ఆ లోటు తీరదు.

వెనక్కి వచ్చే దారి కూడా ఇప్పుడే చూసుకోండి. సీబీఎస్ఈ బడులు మామూలుగా పదిలోకీ పన్నెండులోకీ బయటివాళ్ళని నేరుగా చేర్చుకోవు. తొమ్మిది మధ్యలో మానిపిస్తే పదికి తిరిగి రావడం కష్టం. మార్చేదేదో ఎనిమిది అయ్యాకో, పది అయ్యాకో మార్చండి. టీసీ భద్రంగా దాచండి. ఏడాది తిరిగాక బడికి వెళ్తానని పిల్ల అంటే తప్పకుండా పంపిస్తామని ఇవాళే, తనని కూర్చోబెట్టి చెప్పండి.