చర్మ క్యాన్సర్‌కు ఇంట్లో మింగే మందు: దాతలు తెలుసుకోవలసిన సంగతులు

వైద్యసహాయం కోరుతూ వచ్చే అర్జీల్లో ఆపరేషను ఖర్చుకు ఒక లెక్క ఉంటుంది. ఆపరేషను జరుగుతుంది, బిల్లు కడతాము, ఆ ఫైలు ముగుస్తుంది. క్యాన్సర్‌కు ఇంటి దగ్గర మింగే మాత్రల సంగతి అలా ఉండదు. నెలకొక డబ్బా చొప్పున ఎన్ని నెలలో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ డబ్బా బెంగళూరు నుంచో తిరుపతి నుంచో ఆమడగూరు దాకా బస్సులో వస్తుంది. తర్వాత దానికి కాపలా ఇంట్లోవాళ్లే, నర్సు ఉండదు. కాబట్టి మందు కొనివ్వడంతో పాటు అది సరిగ్గా కడుపులోకి వెళ్లేలా చూడడం కూడా సహాయంలో భాగమే.

చర్మ క్యాన్సర్ వచ్చిన వారందరికీ మాత్రలు ఇవ్వరు. చాలామందికి గడ్డను కోసి తీసేస్తే సరిపోతుంది. చామనఛాయ చర్మం ఉన్న మనలో ఈ జబ్బు తెల్లవాళ్లలో కంటే తక్కువే గాని, లేకపోలేదు. ముఖం మీద మెరిసే చిన్న గడ్డలా మొదలై పుండుగా మారే బేసల్ సెల్ రకం ఉంది. పాత కాలిన మచ్చలో మానని పుండుగా వచ్చే స్క్వామస్ రకం ఉంది. అరికాలిలోనో గోరు కిందో నల్లమచ్చగా పెరిగే మెలనోమా ఉంది. బేసల్ సెల్ రకం బాగా ముదిరి, కోతకు గాని కరెంటు వైద్యానికి గాని లొంగనప్పుడు ఇచ్చే మాత్రలు ముఖ్యంగా రెండు: విస్మోడెగిబ్, సోనిడెగిబ్. మొదటిదానికి అమెరికాలో 2012లో, రెండోదానికి 2015లో అనుమతి వచ్చింది.

ఈ మందుల వెనుక ఒక గొర్రెల కథ ఉంది. మన అనంతపురం సీమవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. 1950ల్లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో కొన్ని మందల్లో గొర్రెపిల్లలు నుదుట ఒకే కన్నుతో పుట్టసాగాయి. కారణం వెతికితే, చూలు నిలిచిన 14వ రోజు ప్రాంతంలో తల్లి గొర్రెలు కొండల్లో ఒక అడవి మొక్కను మేసినట్టు తేలింది. ఆ మొక్కలోని పదార్థానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. కడుపులోని పిల్ల అవయవాలు ఏర్పడడానికి కణాల మధ్య నడిచే ఒక సంకేతాన్ని అది ఆపేస్తుంది. బేసల్ సెల్ క్యాన్సర్‌లో అదే సంకేతం అదుపు తప్పి గడ్డను పెంచుతుందని తర్వాత తెలిసింది. ఆ దారినే విస్మోడెగిబ్, సోనిడెగిబ్ వచ్చాయి. క్యాన్సర్‌ను ఆపే ఆ గుణమే గర్భంలోని బిడ్డకు విషం.

కాబట్టి ఈ మందుల విషయంలో అన్నిటికంటే గట్టి నియమం గర్భం గురించినది. బిడ్డలు కనే వయసున్న స్త్రీకి మందు మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష చేయాలి. విస్మోడెగిబ్ వాడుతున్నంత కాలం, చివరి మాత్ర తర్వాత 24 నెలల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి. సోనిడెగిబ్ అయితే చివరి మాత్ర తర్వాత 20 నెలలు. మగవాళ్లకు కూడా నియమం ఉంది: వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత డాక్టరు చెప్పినన్ని నెలలు నిరోధ్ వాడాలి, భార్య గర్భవతి అయి ఉన్నా సరే. ఇది సిగ్గుపడి వదిలేసే మాట కాదు. ఇంటి మగవాళ్ల ముందు అడగలేని స్త్రీకి ఒక అక్కో వదినో తోడుగా వెళ్లి లేడీ డాక్టరుతో మాట్లాడిస్తే చాలు. ఆ ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె చేత ఈ మాత్రలు తీయించకూడదు.

రక్తదాన శిబిరాలు జరిపే సంఘాలు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. విస్మోడెగిబ్ వాడినవారు మందు ఆపిన తర్వాత కూడా 24 నెలలు, సోనిడెగిబ్ వాడినవారు 20 నెలలు రక్తం ఇవ్వకూడదు. ఆ రక్తం కాన్పు కష్టమైన గర్భిణికే ఎక్కవచ్చు. సహాయం పొందిన కృతజ్ఞతతో శిబిరానికి మొదట వచ్చేది ఆ కుటుంబమే కావచ్చు. అందుకే ఫారంలో ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇక తిండి సంగతి. విస్మోడెగిబ్ 150 మిల్లీగ్రాముల గుళిక రోజుకొకటి, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. సోనిడెగిబ్ 200 మిల్లీగ్రాముల గుళిక అలా కాదు. తినడానికి కనీసం గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత, ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి. నూనె, నెయ్యి బాగా ఉన్న భోజనంతో వేసుకుంటే రక్తంలోకి చేరే మందు ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. పెళ్లింట్లో బిర్యానీ తిని వెంటనే మాత్ర వేసుకున్న మనిషి ఒక్క పూటలో వారం రోజుల మందు మింగినంత పని చేసుకున్నట్టు. దాని దెబ్బ కండరాలకు తగులుతుంది. ఒళ్లంతా కండరాలు నొప్పి పుట్టి, మూత్రం ముదురు రంగులోకి మారితే మర్నాటి దాకా ఆగకూడదు.

రంజాన్ నెల వచ్చేసరికి ఇదే చిక్కు పెద్దదవుతుంది. రోజా విడిచే వేళ ఖర్జూరం, గంజి, సమోసాలతో పాటే మాత్ర కూడా వేసుకోవడం చాలామందికి అలవాటు. సోనిడెగిబ్‌కు ఆ వేళ పనికిరాదు. మెలనోమాకు ఇచ్చే డాబ్రాఫెనిబ్ 12 గంటలకు ఒకసారి, అది కూడా ఖాళీ కడుపుతో వేసుకోవలసినది. సహరీకీ ఇఫ్తార్‌కూ మధ్య మన దగ్గర 12 గంటలకు పైగానే ఉంటుంది. ఈ లెక్క కుదరదు. పైగా ఆ మందుతో జ్వరం వచ్చినప్పుడు నీళ్లు బాగా తాగాలి. రోగికి రోజాల నుంచి మినహాయింపు ఉన్న సంగతి మనందరికీ తెలిసినదే. తర్వాత ఆ రోజులు పూర్తి చేయడం, అదీ వీలుకాని వారికి ఫిద్యా ఎలా అన్నది మీ ఆలింలను అడగండి. మందు వేళ మార్చవచ్చా లేదా అన్నది మాత్రం డాక్టరునే అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ రంజాన్‌కు నెల ముందే అడిగితే, ఎవరికీ చెప్పకుండా మందు మానేసి రోజా ఉండే వృద్ధులను ఆపవచ్చు.

గుళిక పైతొడుగు జెలటిన్‌తో చేసినదని తెలిసి, దాన్ని విప్పి లోపలి పొడిని మాత్రమే తేనెలో కలుపుకునే వాళ్లు ఉంటారు. ఈ గుళికలను విప్పకూడదు, నూరకూడదు, నమలకూడదు. మందు మోతాదు తప్పుతుంది, పొడి ఇంట్లో మిగతావాళ్లకు అంటుతుంది. హలాల్ విషయంలో అనుమానం ఉంటే దాన్ని మొదటి రోజే ఆలిం దగ్గర, డాక్టరు దగ్గర తేల్చుకుని, గుళికను మాత్రం గుళికగానే మింగాలి.

పల్లెలో మరో ప్రమాదం తామర మందు. దురద వచ్చిందని ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికో మందుల షాపుకో వెళితే ఇట్రాకొనజోల్ గుళికలు సులువుగా చేతికి వస్తాయి. అది సోనిడెగిబ్ ఒంట్లోంచి పోకుండా అడ్డుపడి దాని మోతాదును పెంచేస్తుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దానికి ఎదురు: మందును త్వరగా కరిగించి పనిచేయకుండా చేస్తుంది. క్యాన్సర్ మందు డబ్బా ఫొటో ఒకటి ఫోనులో ఉంచుకుని, ఎక్కడ ఏ మాత్ర తీసుకునేటప్పుడైనా ముందు దాన్ని చూపించడం ఒక్కటే తేలికైన ఉపాయం. హకీం దగ్గరికి వెళ్లినా చూపించాలి.

మెలనోమాలో డాబ్రాఫెనిబ్‌తో జతగా ఇచ్చే ట్రామెటినిబ్‌ను దాని డబ్బాలోనే ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టే అరలో కాదు. ఇంట్లో ఫ్రిజ్ లేని మనిషికి ఈ మందు కొనిచ్చి ఊరుకుంటే మన ఎండల్లో అది ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బస్సులో తేవడానికి ఐసు పెట్టిన చిన్న ఫ్లాస్కు, ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా ఫ్రిజ్‌లో కాస్త చోటు, ఇవి కూడా దానమే. ఈ జత వాడుతున్నప్పుడు జ్వరం, చలి వచ్చినా, చూపు మసకబారినా వెంటనే ఆస్పత్రికి ఫోను చేయాలి. గుండె పరీక్ష, కంటి పరీక్ష మధ్యమధ్యలో తప్పవు. ఆ పరీక్షల ఖర్చు అర్జీలో రాయడం చాలామంది మరిచిపోతారు. మీరే అడిగి రాయించండి.

మంచి మనసుతో చేసే తప్పు ఒకటి ఉంది. రోగి చనిపోయాకో, డాక్టరు మందు మార్చాకో మిగిలిన ఖరీదైన మాత్రలను పారేయలేక సంఘానికి తెచ్చి ఇంకో పేదవాడికి ఇవ్వమంటారు. డాబ్రాఫెనిబ్ లాంటి మందులు గడ్డలో బీరాఫ్ అనే జన్యువు ఒక ప్రత్యేకమైన తీరులో మారి ఉన్నవాళ్లకే. ఆ మార్పు లేని గడ్డను అవి ఇంకా రెచ్చగొట్టవచ్చు. పైకి చూస్తే రెండు మచ్చలూ ఒకేలా ఉంటాయి, పరీక్ష చేస్తేనే తేడా తెలుస్తుంది. మిగిలినవాటిని ఇచ్చిన ఆస్పత్రి ఫార్మసీకే తిరిగి ఇవ్వాలి. మాత్రల రూపంలో సదఖా వద్దని నేను గట్టిగానే చెబుతాను.

విస్మోడెగిబ్ వాడేవారికి కండరాలు పట్టేస్తాయి, జుట్టు రాలుతుంది, నాలుకకు రుచి తెలియదు, బరువు తగ్గుతారు. ఇవి చూసి చాలామంది తమంతట తామే మానేస్తారు. బాధ భరించలేనిదైతే డాక్టరే కొన్ని వారాలు, గరిష్ఠంగా 8 వారాల వరకు, ఆపి మళ్లీ మొదలుపెట్టగలరు. ఆ మాట చెబితే సగంమంది ఊరటపడతారు. ఒకరోజు మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. పోయిందాన్ని వదిలేసి మామూలు వేళకు ఒకటే వేసుకోవాలి.

ఈ మందులు పనిచేస్తున్నంత కాలం నడవాలి. అందువల్ల పదిమందికి రెండేసి నెలలు ఇచ్చి చేతులెత్తేయడం కంటే, ఇద్దరికి చివరిదాకా ఇవ్వడం మేలని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని దాతలు ఉంటారని తెలుసు. కట్టుబడే ముందు వేరే దారులు కూడా చూడాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఏ చికిత్స వస్తుందో ఆస్పత్రిలోని పథకం కౌంటరులో అడగాలి. నెహ్రూ మంత్రివర్గంలో పనిచేసిన రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరు మీద బెంగళూరులో ఉన్న కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వ సంస్థ, మనకు దగ్గరిదే. మందు తయారుచేసే కంపెనీలకు సహాయ పథకాలు ఉంటే ఆ సంగతి చికిత్స చేసే డాక్టరుకు తెలిసి ఉంటుంది. ఇవన్నీ అడిగి, మిగిలిన ఖర్చు ఎంతో, ఎన్ని నెలలకు సిద్ధపడాలో డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్ని అర్జీకి జతచేయండి.