మిరపకోతకు ఆటోలో ఎంతమంది?

ప్రశ్న: అద్దంకిలో ఆటో తోలుతానండీ. మిరపకోతలప్పుడు పన్నెండు మందిని ఎక్కించకపోతే కిరాయి గిట్టదు. ప్రమాదమేనంటారా?

జవాబు: ప్రమాదమే. 2023 మేలో దాచేపల్లి మండలం పొందుగల దగ్గర, మీ అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీదే, మిరపకోతకు వెళ్తున్న ఆటోను తెల్లవారుజామున లారీ ఢీకొట్టింది. అందులో ఇరవై మందికి పైగా ఉన్నారు. కూలికి బయల్దేరిన ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మామూలు ఆటోకు మీరు కాక ముగ్గురే పరిమితి. వెనక వేలాడే మనుషుల బరువుకు ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. మీ పక్కన ఇద్దరు ఇరుక్కుంటే చెయ్యి తిరగదు. అదనపు మనిషికి రూ.200 జరిమానా చిన్నదే. అసలు దెబ్బ బీమాది: పాలసీలో రాసిన సీట్ల వరకే కంపెనీ బాధ్యత, మిగతా పరిహారం మీ మెడకు చుట్టుకోవచ్చు.

కిరాయి సంగతి ముఠా మేస్త్రీతో, రైతుతో ముందే మాట్లాడండి. రెండు ట్రిప్పులకు ఒప్పించండి, లేదా పెద్ద బండి పెట్టమనండి. చీకట్లో వెనక లైట్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు తప్పనిసరి.

అమ్మలారా, నిండిన ఆటో ఎక్కకండి. ఆపదలో 112కు, గాయమైతే 108కు ఫోన్ చేయండి.